నాలుగో పంక్తి దగ్గర శాలువా

మా ఊరు మునిసిపాలిటీగా ఉన్నన్నాళ్ళూ దానికి కవి అవసరం పడలేదు. కార్పొరేషన్ అయ్యాక పడింది. కార్పొరేషన్ అన్నాక కొన్ని ఉండాలట. ఒక నినాదం ఉండాలి. జంక్షన్‌లో జనం నిలబడి ఫొటోలు దిగడానికి మనిషెత్తు ఇంగ్లీషు అక్షరాలు ఉండాలి. నీళ్ళు రాకపోయినా సరే, ఒక ఫౌంటెన్ ఉండాలి. ఇవన్నీ అమర్చేశాక, నగరాల ర్యాంకింగు ఫారంలో ఒక ప్రశ్న మిగిలిపోయింది. "మీ నగరమునకు అధికారిక కవి కలరా?" దానికి నాలుగు మార్కులు. అదే ఫారంలో మంచినీళ్ళ కింద మాకు పోయినవి పదకొండు. కుళాయిలు బాగుచెయ్యడం కన్నా కవిని వెయ్యడం తేలికని కౌన్సిల్ ఏకగ్రీవంగా తీర్మానించింది.

నా పేరు పైడిరాజు. హైస్కూల్లో సైన్సు చెప్పి మూడేళ్ళ కిందట రిటైరయ్యాను. ఇరవయ్యారేళ్ళుగా కవిత్వం రాస్తున్నాను. ఊళ్ళో నలభై ఒక్క సన్మానాలు జరిగాయి నాకు. కానీ సభలో ఒక్క కవిత కూడా చివరిదాకా చదవలేదు.

ఇందులో అతిశయోక్తి లేదు. మా ఊరి పద్ధతే అది. కవి మైకు ముందుకొచ్చి మొదలుపెడతాడు. మొదటి పంక్తికి "ఆహా" అంటారు. రెండో పంక్తికి వేదిక మీది పెద్దలు వాచీలు చూసుకుంటారు. మూడో పంక్తికి కార్యదర్శి సంచీలోంచి శాలువా తీస్తాడు. నాలుగో పంక్తి దగ్గర అది వచ్చి భుజాల మీద పడుతుంది. శాలువా పడ్డాక ఇంకా చదవడం మర్యాద కాదు. మెడ వంచి, నమస్కారం పెట్టి, దిగిపోవాలి. కవి నోరు మూయించడానికి ఇంతకన్నా సంస్కారవంతమైన పద్ధతి ఏ దేశంలోనూ ఉండదని నా నమ్మకం.

అందుకే కార్పొరేషన్ ప్రకటనలో ఒక వాక్యం దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. "ఎంపికైన నగర కవి ఆగస్టు పదిహేనవ తేదీన పెరేడ్ గ్రౌండునందు పౌరుల సమక్షమున తన కవితను సంపూర్ణముగా పఠించవలెను."

సంపూర్ణముగా! ఆ మాట నేను నాలుగుసార్లు చదువుకున్నాను. జీతం లేదు, ఇల్లు లేదు, కారు లేదు. నాకు అవేవీ అక్కర్లేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నేను రాసిన చివరి పంక్తి ఈ ఊరి చెవిన పడితే చాలు.

మంచి కవితలు ఏరి ఫైలు కట్టుకుని కార్పొరేషన్ ఆఫీసుకి వెళ్ళాను. మూడో నంబరు కౌంటర్లో సీనియర్ అసిస్టెంటు రుక్మాంగదరావు గారు ఫైలు తిప్పి చూశారు.

"ఇవేటండీ?"

"కవితలండి."

"ఇవెందుకు?"

"కవి పోస్టుకి కదండీ."

ఆయన నన్ను జాలిగా చూసి ఒక ఫారం ఇచ్చారు. "కవితలు మడిచి కవర్లో పెట్టి, లక్కతో సీలు చేసి పడీండి. అది ఎవరూ తెరవరు. మీరు నింపాల్సింది మూడో అనుబంధం."

మూడో అనుబంధం పైన ఇలా ఉంది. "దరఖాస్తుదారునకు కప్పబడిన శాలువాల వివరము. సంఖ్య, రంగు, కప్పిన తేదీ, కప్పినవారి హోదా."

అనుమానాలు తీర్చడానికి కౌన్సిల్ హాల్లో అవగాహన సదస్సు పెట్టారు. ఎంపిక సంఘానికి అధ్యక్షులు అదనపు కమిషనర్ ప్రభాకర పట్నాయక్ గారు. మంచివారే. ఏ పనిలోనూ తప్పు జరక్కూడదని ఆయన తపన. అందుకోసం అవసరమైతే పనే జరక్కుండా చూస్తారు.

"కవిత్వము అనునది కొలతకు లొంగని వస్తువు," అన్నారాయన. "కొలతకు లొంగని దానిని ఆడిట్ వారు ఒప్పుకొనరు. కాగా, కవికి సమాజము ఇచ్చిన గౌరవము కొలతకు లొంగును. అది శాలువా రూపమున మన ఎదుట ఉండును. దానిని లెక్కించవచ్చును, మడవవచ్చును, బీరువాలో భద్రపరచవచ్చును. ఎవరికి ఎక్కువ శాలువాలు ఉండునో వారే నగర కవి."

వెనక వరసలోంచి ఒక ముసలాయన లేచారు. "నేను పాతిక పుస్తకాలు రాశానండి."

"వ్రాసినారనుటకు ఆధారము?"

"ఆ పుస్తకాలే కదండీ ఆధారం."

"అవి తమరి వాదన. శాలువా ఇతరుల వాంగ్మూలము."

ముసలాయన కూర్చుండిపోయారు. నేను ఉండబట్టలేక లేచాను. "అయ్యా, ఒక్కసారి కవితలు చదివి చూస్తే?"

పట్నాయక్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "చదివిన అధికారికి అభిప్రాయము ఏర్పడును. అభిప్రాయము ఏర్పడిన చోట పక్షపాతము పుట్టును. పక్షపాతము పుట్టిన చోట ఎవరో ఒకరు కోర్టుకు పోవుదురు. కనుక, ఈ నియామకమునకు సంబంధించి ఏ దశయందును ఎవరును కవిత్వము చదవరాదని సంఘము నిర్ణయించినది."

అందరూ చప్పట్లు కొట్టారు. అలవాటు కొద్దీ నేనూ కొట్టాను.

ఆ మర్నాటి నుంచి ఊరికి సన్మానాల జ్వరం పట్టుకుంది. కవులందరూ జతలు జతలుగా విడిపోయారు. ఏడింటికి సన్మానం చేయించుకున్నవాడు ఎనిమిదింటికి కప్పేవాడయ్యేవాడు. పార్కులో నడకకి వెళ్ళినవాళ్ళు శాలువాలతో తిరిగొచ్చేవారు. పక్కింటాయన కుక్కని షికారుకి తీసుకెళ్తుంటే, ఒక చెయ్యి ఖాళీగా ఉంది కదా అని, ఇద్దరు కవులు ఆపి తమకి శాలువాలు కప్పించుకున్నారు. హోదా గడిలో "మార్గదర్శి" అని రాసుకున్నారు. వారం తిరక్కుండా దుకాణాల్లో శాలువాలైపోయి దుప్పట్లు మొదలయ్యాయి. ఒక సభలో డబుల్ కాట్ దుప్పటి కప్పితే దాని కింద ఇద్దరు కవులు పట్టారు. నాదంటే నాదని తగువు పడ్డారు. "ఒక వస్త్రము కింద ఒక కవి మాత్రమే" అని పట్నాయక్ గారు సవరణ ఉత్తర్వు జారీచేయవలసి వచ్చింది.

ఈ సభలన్నీ జరిగింది తమ్మన కామేశ్వరరావు గారి కల్యాణ మండపంలో. ఆయన నాకు పాత స్నేహితులు. సరదా మనిషి. జన్మలో ఒక్క పంక్తి రాయలేదు, రాస్తానని ఎవరినీ బెదిరించనూ లేదు. కానీ హాలు ఇచ్చిన యజమానికి ఒక శాలువా కప్పడం మా ఊళ్ళో రివాజు. ఎన్ని సభలు జరిగితే ఆయనకి అన్ని శాలువాలు. ఎవరో లెక్కచెప్పాక ఆయన కూడా దరఖాస్తు పెట్టారు.

నాకు దిగులు లేదు. నలభై ఒకటున్నాయి. పైగా నావి పాత శాలువాలు, పరువైనవి. ధీమాగా వెళ్ళి బీరువా తీశాను. చీరలున్నాయి.

"సత్యవేణీ, నా శాలువాలేవి?"

మా ఆవిడ వంటింట్లోంచి బదులిచ్చింది. "ఏ శాలువాలు? అవెప్పుడో ఇచ్చీసేను."

"ఇచ్చీసేవా! ఎవరికి?"

"నూకాలమ్మా వాళ్ళకి. తెల్లారకట్ట వీధులు తుడుస్తారు కదా, దుమ్ముకీ మంచుకీ తలకి చుట్టుకుందికి ఏమైనా ఉంటే ఇమ్మన్నారు. మిమ్మల్ని అడిగేను కూడా. రాసుకుంటూ ఊఁ అన్నారు."

"అన్నీ ఇచ్చీసేవా?"

"ఒకటుంది. ఇస్త్రీ బల్ల మీద వేసేను. చూసి తియ్యండి, మధ్యలో కాలింది."

తప్పు ఆవిడది కాదు. రాసుకుంటూ నేను అన్న "ఊఁ"లకి ఇప్పటికి ఒక పొలం అమ్ముడైపోయింది, రెండు పెళ్ళిళ్ళకి ప్రయాణాలు తప్పిపోయాయి. శాలువాలెంత?

మర్నాడు తెల్లవారుతూనే గంటస్తంభం జంక్షన్‌కి వెళ్ళాను. అక్కడ చూసిన దృశ్యం నా సాహిత్య జీవితం మొత్తం. నా ఉగాది పురస్కారం చెత్తబండి తోస్తోంది. జిల్లా రచయితల మహాసభ కాలవలో పూడిక తీస్తోంది. షష్టిపూర్తి సన్మానం, ఎరుపు మీద జరీ అంచు, నూకాలమ్మ తలకి చుట్టుకుని ఉంది. ఏడుగురు ఆడవాళ్ళు, ఏడు శాలువాలు. మిగతావి మిగతా వార్డుల్లో ఊడుస్తూ ఉండాలి.

"ఏటి మేస్టారూ, ఇంత పొద్దున్నే ఒచ్చేసినారు?" అంది నూకాలమ్మ. మా వీధిని పద్దెనిమిదేళ్ళుగా తుడుస్తున్న మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది.

సిగ్గు పడుతూనే సంగతి చెప్పాను. ఆవిడ పూర్తిగా వినకుండానే తలగుడ్డ విప్పడం మొదలెట్టింది. "దానికేటి బాబూ, మీయే కదా, పట్టుకుపోండి. ఉతికి ఇచ్చెద్దుమేమో గానీ." విప్పుతూ విప్పుతూ ఆగింది. "అయితే ఇయ్యి మీకు ఎందుకిచ్చినారు మేస్టారూ?"

"కవిత చదివినందుకు."

"అంటే పాటలాంటిదా? ఏటి మీద రాసినారు?"

చెప్పాలా వద్దా అనుకున్నాను. "చాలా వాటి మీద రాశాను. ఈసారిది మీ మీదే."

"మా మీదా!" చీపుళ్ళు ఆగిపోయాయి. కాలవలోని మహాసభ గట్టెక్కింది. "సదవండి మరి."

నా దగ్గర కాగితం లేదు. అవసరమూ లేదు. గంటస్తంభం మెట్టు మీద నిలబడి మొదలుపెట్టాను.

నిన్న మనం పారేసిన ఊరిని
ఈమె పొద్దున్నే ఎత్తిపోసింది.
చిరిగిన టిక్కెట్టు, వాడిన మూరెడు మల్లెలు,
ఎవరో చదవకుండానే చించిన ఉత్తరం.

అక్కడ ఆగిపోయాను. మెడ దానంతటదే వంగింది.

"ఆగిపోనారేటి? అయిపోనాదా?"

"లేదు."

"మరి సదవండి."

నూకాలమ్మ చెత్తబండి అంచు మీద కూర్చుంది. నేను గొంతు సవరించుకున్నాను.

ఏదీ ఎవరిదని అడగలేదు.
మనం లేచి తలుపు తీసేసరికి
వీధి ఇప్పుడే పుట్టినట్టుంది.
ఇంకా చెరగని చీపురు గీతల మీద
నడుచుకుంటూ పోయాం,
మొదటి అడుగు మనదే అనుకుంటూ.

దూరంగా పాలవాన్ పోతోంది. చివరి పంక్తి తర్వాత వచ్చే నిశ్శబ్దం ఎలా ఉంటుందో నాకు అరవై ఒకటో ఏట తెలిసింది.

"మల్లెలు తక్కువే బాబూ," అంది నూకాలమ్మ కాసేపటికి. "మందు సీసాలే ఎక్కువ. అయినా బాగుంది. మళ్ళీ సదవండి."

మళ్ళీ చదివాను. మూడోసారి వాళ్ళే నాతో అన్నారు. చదువు రానివాళ్ళ జ్ఞాపకం ఎంత గట్టిదో నేను క్లాసులో ఏనాడూ చెప్పలేదు. వెళ్ళొస్తానంటే నూకాలమ్మ శాలువా మడిచి అందించింది. దాని నిండా మా ఊరి దుమ్ము. దాని వెనక దుమ్ము లేని ఆవిడ నుదురు. నాకు చెయ్యి రాలేదు. ఉంచుకోమని చెప్పి వచ్చేశాను.

భౌతిక తనిఖీ కార్పొరేషన్ వ్యాయామశాలలో జరిగింది. ఒకే శాలువాని ఇద్దరు చూపించకుండా ప్రతిదాని మీదా ముద్ర వెయ్యాలన్నారు. ఉతికినా చెరగని ముద్ర కార్పొరేషన్ మొత్తానికి ఒకటే ఉంది. అది కబేళాలో మేకల మీద వేసేది. దాంతో ఊళ్ళోని కవిత్వ గౌరవమంతటి మీదా ఊదారంగులో "తనిఖీ చేయబడినది, తినుటకు యోగ్యము" అని పడింది. ముద్ర పడ్డవాళ్ళు గర్వంగా మడతపెట్టుకుని వెళ్ళారు.

నా వంతు వచ్చింది. రుక్మాంగదరావు గారు ఇస్త్రీ శాలువాని వెలుగుకి ఎత్తి పట్టారు. మధ్యలో ఇస్త్రీ పెట్టె ఆకారంలో కిటికీ ఉంది. అందులోంచి ఆయన ముఖం కనిపించింది.

"మాస్టారూ, ఇది కాలిపోయిందండీ."

"అవునండి."

ఆయన నిబంధనల పుస్తకం తిరగేసి, పట్నాయక్ గారితో గుసగుసలాడి, రిజిస్టర్లో రాశారు. "పాక్షిక గౌరవము: అర."

కామేశ్వరరావు గారి శాలువాలు ట్రాక్టర్లో వచ్చాయి. మూడువందల పన్నెండు. ఆ సాయంత్రమే నగర కవి ఎవరో ప్రకటించేశారు.

ఆగస్టు పన్నెండో తారీకున కొత్త కవిగారు మా ఇంటికి వచ్చారు. ముఖం పాలిపోయి ఉంది.

"మాస్టారూ, చదవమంటున్నారండీ."

"ఏమిటి?"

"కవిత! శాలువాలుంటే చాలన్నారు కదా అనుకున్నాను. ఇప్పుడు చూస్తే ప్రోగ్రాంలో 'నగర కవి కవితా పఠనం' అని వేసేరు. రెండ్రోజులు కూచున్నాను. 'ఓ నగరమా' అని రాసేను. తర్వాత ఏం రాయాలో తెలీలేదు." చేతులు పట్టుకున్నారు. "మీదొకటి ఇవ్వండి. మీరూ నేనూ వేరా?"

"పేరు మీదీ, కవిత నాదీనా?" అన్నాను. నాకు ఒళ్ళు మండింది. మండదా మరి?

"కోపం తెచ్చుకోకండి. పది వేలమంది జనం. నిబంధనలో ఉంది కదా, సంపూర్ణముగా చదవాలని. ఎవరూ ఆపడానికి లేదు. ఇంకెవరికి దొరుకుతుందండీ ఆ అవకాశం?"

ఆ మాటకి కోపం చల్లారిపోయింది. కామేశ్వరరావు గారి గొంతు బాగుంటుంది. పేరు నాది కాకపోవచ్చు. చివరి పంక్తి మాత్రం నాదే. లోపలికి వెళ్ళి కాగితం తెచ్చి ఇచ్చాను. సత్యవేణి గుమ్మంలో నిలబడి చూసింది. ఆయన వెళ్ళాక అంది. "శాలువాలు నేను ఇచ్చీసేనని వారం రోజులు మాటాడలేదు. కవితనే ఇచ్చీసేరు మీరు."

పదిహేనో తారీకున పెరేడ్ గ్రౌండులో వెనక తాళ్ళ దగ్గర నిలబడ్డాను. నా పక్కనే పారిశుధ్యం వాళ్ళ వరస. చప్పట్లకి మనుషులు తగ్గకూడదని వాళ్ళని పొద్దున్నే రప్పించారు. నూకాలమ్మ నన్ను చూసి నవ్వింది. జెండా ఎగిరింది. ఉపన్యాసాలైపోయాయి. నగర కవి మైకు ముందుకొచ్చారు.

"నిన్న మనం పారేసిన ఊరిని..."

నూకాలమ్మ చటుక్కున నా వైపు తిరిగింది. నేను కళ్ళు దించుకున్నాను. కామేశ్వరరావు గారు చక్కగా చదువుతున్నారు. రెండో పంక్తి. మూడో పంక్తి. "ఎవరో చదవకుండానే చించిన ఉత్తరం," అని ఊపిరి కోసం ఆగారు.

ఆగకుండా ఉండాల్సింది. పాపం, ఎవరి తప్పూ కాదు. నాలుగో పంక్తి దగ్గర కవి ఆగేసరికి మేయర్ గారి చేతులు ఏళ్ళ తరబడి అలవాటుతో పక్కనున్న పళ్ళెంలోంచి శాలువా తీశాయి. శాలువా కనపడగానే మూడువందల పన్నెండు సన్మానాలు చూసిన కవిగారి మెడ దానంతటదే వంగింది. ఆయన నమస్కారం పెట్టేశారు. బ్యాండు మోగింది. "అద్భుతమైన కవిత!" అన్నాడు మైకులో వ్యాఖ్యాత. జనం చప్పట్లు కొట్టారు. అంతే. అయిపోయింది. నేను ఇంటికి పోదామని తిరిగాను.

"అవ్వలేదు బాబూ! ఇంకా ఉంది!"

నూకాలమ్మ గొంతు. పొద్దున్నే వీధి ఆ చివర ఉన్న బండిని ఈ చివరికి పిలిచే గొంతు. దానికి మైకెందుకు? బ్యాండు వాళ్ళు బెదిరి ఆపేశారు.

"ఏదీ ఎవరిదని అడగలేదు!" అంది ఆవిడ.

పక్కావిడ అందుకుంది. మొత్తం ఏడుగురూ అందుకున్నారు. కొన్ని మాటలు వాళ్ళ యాసలోకి తిరిగాయి. అక్కడ కవిత ఇంకా బాగుపడింది. పది వేలమంది వెనక్కి తిరిగి చూస్తున్నారు. మేయర్ గారు ఇంకో శాలువా పట్టుకుని ఎవరికి కప్పాలో తెలియక నిలబడ్డారు. "మొదటి అడుగు మనదే అనుకుంటూ" దగ్గర ఏడు గొంతులూ కలిసి ఆగాయి.

గంటస్తంభం దగ్గర విన్న నిశ్శబ్దమే ఇక్కడా వచ్చింది. ఈసారి ఊరంత పెద్దది. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

నాలుగో రోజు నూకాలమ్మ మా ఇంటికి వచ్చింది, చేతిలో మెమో పట్టుకుని. "సదివి పెట్టండి బాబూ. జవాబు రాయకపోతే పనిలోంచి తీసేస్తారంట."

చదివాను. "అధికారిక కార్యక్రమమునందు నగర కవి గారు ముగించిన కవితను అనుమతి లేకుండా కొనసాగించినందులకు, ఈ క్రింది అంశములపై మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను. ఒకటి, సదరు కవితను పఠించుటకు మీకు గల అర్హత. రెండు, మీ వద్ద గల శాలువాల సంఖ్య. మూడు, సదరు కవిత శేషభాగము నగర కవి గారు పఠింపనిదియు, ఎంపిక సంఘము ఎరుగనిదియునై యుండగా, మీకు ఏ విధముగా తెలిసినది."

కలం తెచ్చుకున్నాను. "అమ్మా, అది నేను రాసిందని రాసేస్తాను. నీ ఉద్యోగానికి ఏమీ కాదు."

"వొద్దు. మీకు నోటీసొస్తాది. నాను సెప్పింది రాయండి." ఆవిడ గుమ్మం మీద కూర్చుంది. "ఒకటోదానికి, పద్దెనిమిదేళ్ళుగా ఈ ఊరు తుడుస్తన్నానని రాయండి. రెండోదానికి, ఒకటి ఉంది, తలకి కట్టుకుంటానని రాయండి."

రాశాను. "మూడోదానికి?"

ఆవిడ నన్ను వింతగా చూసింది, ఇంత చదువుకున్నవాళ్ళకి ఇది కూడా చెప్పాలా అన్నట్టు. "సివరిదాకా ఇన్నాం, అందుకని తెలిసింది. అంతే రాయండి."

అంతే రాశాను. రాసింది మొదటి నుంచి చదివి వినిపించాను. నూకాలమ్మ చివరిదాకా విని, వేలిముద్ర వేసింది.